రోడ్డు పక్క మొక్కకు పొగ పట్టిందా? కనిపెట్టడం ఎలా, కాపాడుకోవడం ఎలా

బెంగళూరులో మన తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన కథే. జూన్‌లో పిల్లవాడి పుట్టినరోజనో, అపార్ట్‌మెంట్ వాళ్లు పిలిచారనో గేటు బయట ఒక మొక్క నాటుతాం. దసరా దాకా కళకళలాడుతుంది. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి ఆకులు బూడిద రంగుకు తిరిగి, చివర్లు ముడుచుకుని కనిపిస్తాయి. "ఈ పొగలో ఏం బతుకుతుందిలే" అనుకుని వదిలేస్తాం.

నేనూ అలాగే వదిలేశాను. మారతహళ్లి దగ్గర మా సర్వీస్ రోడ్డు పక్కన నాటిన మూడు కానుగ మొక్కల్లో రెండు మొదటి వేసవికే పోయాయి. మడకశిర నుంచి వచ్చి మా దగ్గర వాచ్‌మన్‌గా చేస్తున్న పెద్దాయన ఎండిన మొక్కను ఒక్క గుంజు గుంజాడు. చేతిలోకి ఊడి వచ్చేసింది. నర్సరీ సంచిలో గుండ్రంగా ఎలా చుట్టుకున్నాయో వేళ్లు ఏడాది తర్వాత కూడా అలాగే ఉన్నాయి. "పొగనెందుకంటావు సార్, ఇది కాళ్లే చాపలేదు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని తర్వాత చదివిందీ, చేసి చూసిందీ ఇక్కడ చెబుతున్నాను. పొగ వల్ల లేత మొక్క ఒక్కసారిగా చచ్చిపోవడం అరుదు. దుమ్ము ఆకు మీద పేరుకుని వెలుతురు తగ్గిస్తుంది, ఆకును వేడెక్కిస్తుంది, గాలి పీల్చే సన్నటి రంధ్రాలను పూడ్చేస్తుంది. వాయువులు ఆ రంధ్రాల గుండానే లోపలికి వెళ్లి ఆకును కాలుస్తాయి. దెబ్బతిన్న ఆకు తనను తాను బాగుచేసుకోవడానికి తయారుచేసుకున్న తిండంతా వాడుకుంటుంది, వేళ్లకు పంపేది తగ్గిపోతుంది. పెద్ద చెట్టుకైతే కాండంలో, వేళ్లలో నిల్వ ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. రెండేళ్ల మొక్కకు ఆ నిల్వ ఉండదు. ఆ మీద ఎండాకాలం వస్తే నీళ్లు వెతుక్కునే వేళ్లు లేక పడిపోతుంది. అందుకే ఈ పనిలో సగం ఆకు దగ్గర, సగం పాదులో.

ముందు పొగేనా కాదా తేల్చుకోండి

పాత తెల్ల బనియన్ గుడ్డ ఒకటి తడిపి పిండండి. రోడ్డు వైపున్న ఆకు ఒకటి, గోడ వైపున్నది ఒకటి తీసుకుని పైనా కిందా తుడవండి. గుడ్డకు ఎర్రగా అంటితే అది మట్టి. నల్లగా, కొంచెం జిడ్డుగా అంటితే డీజిల్ మసి, టైర్ల పొడి. తెల్లగా గరుగ్గా ఉండి తుడిస్తే ఓ పట్టాన వదలకపోతే సిమెంటు. తుడిచిన చోట ఆకు పచ్చగా నిగనిగలాడుతుంటే మీ అదృష్టం, అది మురికే కానీ జబ్బు కాదు.

తుడిచాక కూడా మచ్చలు మిగిలితే అప్పుడు దగ్గరగా చూడాలి. ఫోన్ కెమెరా జూమ్ సరిపోతుంది.

ఓజోన్ అంటే బండ్ల పొగ ఎండలో కాగి తయారయ్యే వాయువు. దాని దెబ్బకు ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. పాత ఆకుల పైభాగంలో, ఈనెల మధ్య జాగాలో, సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు గోధుమ రంగులోనో ఊదా రంగులోనో కనిపిస్తాయి. ఈనెల మీద ఉండవు. ఒక ఆకు మీద ఇంకో ఆకు కప్పుకుని ఉన్న చోటు వెతకండి. పై ఆకు నీడ పడినంత మేర కింది ఆకులో చుక్కలు లేకుండా, ఎండ తగిలిన భాగంలోనే ఉంటే అనుమానం చాలావరకు ఓజోన్ మీదే. నల్లి పురుగు కూడా ఇలాంటి చుక్కలే పెడుతుంది. తేల్చుకోవడం సులువు: తెల్ల కాగితం మీద ఆకును రెండు సార్లు తట్టండి, రాలిన చుక్కలు కదులుతుంటే నల్లి.

ఈనెల మధ్య మేర పెద్ద పెద్ద మచ్చలుగా పాలిపోయి, రెండు వైపులా కనిపిస్తే గంధకం పొగ పని కావచ్చు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 (వాహనాల పొగకు పెట్టిన కొత్త ప్రమాణం) ఇంధనం వచ్చి డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో 50 వంతుల నుంచి 10కి దిగింది కాబట్టి రోడ్డు మీద వాహనాల వల్ల ఇది బాగా తగ్గింది. నేను ఎక్కువగా చూసేది అపార్ట్‌మెంట్ జనరేటర్ గొట్టం ఎదురుగా ఉన్న మొక్కల్లో. అక్కడ పొగ కన్నా ముందు వేడే ఆకును మాడుస్తుంది. ఆ చోట మొక్క పెట్టకండి, అంతే.

ఇక పొగ మీదికి నెట్టేసే వేరే తప్పులు బోలెడు. ఆకు అంచు చుట్టూ గోధుమ రంగులో ఎండిపోతే నీళ్లు చాలక, లేదా ఉప్పు నీళ్ల వల్ల. కింది ఆకులు పసుపుపచ్చగా మారి పాదులో కుళ్లు వాసన వస్తే నీళ్లు ఎక్కువై. కొత్త చిగురు ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం, దాని గురించి కింద చెబుతాను. కానుగ ఆకుల మీద బొడిపెలు లేస్తే కంగారు పడకండి. అది కంటికి కనిపించనంత చిన్న నల్లి వల్ల వచ్చేది, ఊళ్లో చెరువు గట్టు మీది కానుగకూ ఉంటుంది. ఆ బొడిపెలు చూసి టెన్షన్ పడి, ఎవరో చెప్పారని నేను రెండుసార్లు మందు కొట్టాను. డబ్బు దండగ.

ఏ గాలిలో నాటుతున్నారో చూసుకోండి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో సిల్క్ బోర్డ్, హెబ్బాళ, జయనగర, పీణ్య లాంటి కేంద్రాల లెక్కలు కనిపిస్తాయి. మీకు దగ్గరలోనిది తీసి, మొత్తం అంకె ఒక్కటే చూడకుండా ఆ రోజు ఏ కాలుష్యం ముందుందో కూడా చూడండి. పీఎం10, అంటే గాలిలో తేలే సన్నటి దుమ్ము, ముందుంటే పని ఆకు కడగడంలో ఉంది. ఓజోన్ ముందుంటే కడిగి లాభం లేదు, అది లోపలికి వెళ్లిపోయేది.

2009 నాటి మన జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం10 రోజు సగటు ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మిగతా చోట్ల నైట్రోజన్ డయాక్సైడ్‌కు ఏడాది సగటు 40 దాకా ఒప్పుకున్న ఆ లెక్కల్లోనే, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాలకు 30 అని, గంధకం డయాక్సైడ్‌కు 50 బదులు 20 అని పెట్టారు. మనిషి ఓర్చుకునే గాలి అడవి ఓర్చుకోకపోవచ్చని ఆ అంకెలు చెప్పకనే చెబుతున్నాయి.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. అమెరికాలో ఒకే రకం పాప్లార్ మొక్కలను, అన్నీ అచ్చంగా ఒకే వంశానివి, న్యూయార్క్ నగరంలోనూ దూరంగా పల్లెల్లోనూ నాటి చూశారు. 2003లో వెలువడిన ఫలితం ప్రకారం నగరంలో నాటినవే దాదాపు రెట్టింపు పెరిగాయి. వాహనాల నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ రోడ్డు దగ్గర ఓజోన్‌ను తినేస్తుంది. అదే గాలి ఎండలో కాగుతూ ఊరి బయటికి వెళ్లేసరికి అక్కడ ఓజోన్ పేరుకుంటుంది. కాబట్టి సర్జాపుర అవతల లేఔట్‌లో సైటు కొని "ఇక్కడ గాలి శుభ్రం" అనుకుని నాటిన మొక్కకు కూడా మధ్యాహ్నం పూట దెబ్బ తగలొచ్చు.

చోటు ఎంపికలో నేను పాటించేది ఇంతే. సిగ్నల్‌కూ బస్టాప్‌కూ వీలైనంత దూరం, ఎందుకంటే బండ్లు నిలబడి ఒక్కసారిగా లాగే చోటే పొగ ఎక్కువ. మొక్కకూ రోడ్డుకూ మధ్య నడుము ఎత్తు పొద వరస ఉంటే ఇంకా మంచిది, టైర్లు లేపే దుమ్ము సగం దానికే అంటుకుంటుంది. రెండు వైపులా నాలుగంతస్తుల ఇళ్లున్న ఇరుకు సందులో మాత్రం గుబురుగా పెరిగే చెట్లను దగ్గర దగ్గరగా నాటకండి. పందిరిలా కమ్ముకుని పొగను కిందే ఆపేస్తాయి. అప్పుడు మొక్కకూ మీకూ ఇద్దరికీ నష్టమే.

ఏ మొక్క, ఎంత ఎత్తు

దుమ్మును బాగా పట్టే చెట్టు వేరు, దుమ్మును తట్టుకునే చెట్టు వేరు. గరుకు ఆకు, నూగు ఉన్న ఆకు దుమ్మును పట్టి ఉంచుతుంది. మనకు మేలు, దానికి కష్టం. నున్నటి ఆకును ఒక వాన కడిగేస్తుంది. మొక్క నిలదొక్కుకోవడమే ముఖ్యమైతే రోడ్డు అంచుకు నున్నటి ఆకువాటినే తీసుకోండి.

శాస్త్రవేత్తలు ఈ ఓర్పును కొలవడానికి ఆకులోని విటమిన్ సి, పత్రహరితం, ఆకు రసం ఆమ్లగుణం, నీటి శాతం నాలుగూ కలిపి ఒక సూచిక లెక్కిస్తారు. మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో తరచుగా మంచి మార్కులు తెచ్చుకునేవి రావి, మర్రి, మామిడి. అయితే రావి, మర్రి ఫుట్‌పాత్ మీద పెట్టే చెట్లు కావు, పదేళ్లకు మోరీనీ కాంపౌండ్ గోడనూ లేపేస్తాయి. పార్కులో, చెరువు గట్టున పెట్టండి. రోడ్డు పక్కకు నా ఓటు కానుగకూ నేరేడుకూ. బెంగళూరు నర్సరీలో తెలుగులో అడిగితే ఒక్కోసారి వేరే మొక్క ఇచ్చేస్తారు కాబట్టి కన్నడ పేర్లు గుర్తుంచుకోండి: కానుగ అంటే హొంగె, వేప అంటే బేవు, నేరేడు అంటే నేరళె, రావి అంటే అరళి. లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీల్లో అన్నీ దొరుకుతాయి.

మూడడుగుల మొక్క చవగ్గా వస్తుంది, కానీ దాని ఆకులు సరిగ్గా ఆటో సైలెన్సర్ ఎత్తులోనే ఉంటాయి. ఆరడుగులు దాటినది, కాండం బొటనవేలంత లావున్నది తీసుకోండి. సంచి అడుగు నుంచి వేరు బయటికి పొడుచుకొచ్చి లావెక్కి ఉంటే వద్దనండి.

నాటడం

జూన్, జులైలో నాలుగు వానలు పడ్డాక నాటండి. బెంగళూరులో అక్టోబర్ దాకా వానలుంటాయి, కాబట్టి నాలుగైదు నెలలు ఆకు కడిగే పని దేవుడే చూసుకుంటాడు. ఈలోగా వేరు పాకాలి. డిసెంబర్ నుంచి మార్చి దాకా వాన ఉండదు, చలికాలం పొద్దున పొగ నేల మీదే నిలబడిపోతుంది. మొక్క ఆ నాలుగు నెలలు దాటాలి.

గుంత అటూ ఇటూ లోతూ రెండేసి అడుగులు. ఫుట్‌పాత్ కింద తవ్వితే మట్టి కన్నా ఇటుక ముక్కలు, కంకర, ప్లాస్టిక్ కవర్లే ఎక్కువ వస్తాయి, అదంతా తట్టల్లో ఎత్తేయండి. ఎర్రమట్టి రెండు వంతులు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి నింపండి. సంచిని బ్లేడుతో నిలువునా కోసి తీసేయండి. చుట్టుకున్న వేళ్లుంటే వేర్ల ముద్దకు మూడు వైపులా పైనుంచి కిందికి ఒక అంగుళం లోతున గాట్లు పెట్టి, వేళ్లను చేత్తో విడదీయండి. మొక్క పాడైపోతుందేమోనని భయమేస్తుంది. అవ్వదు. మా పెద్దాయన చెప్పిన కాళ్లు చాపడం ఇదే.

పాదు చుట్టూ కనీసం మీటరు మేర సిమెంటు, టైల్స్ లేకుండా చూడండి. దిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో అడిగిందీ ఆ మీటరే. పాదులో మూడంగుళాల మందాన ఎండాకులు పరచండి, కాండానికి తగలకుండా.

ఆకు కడగడం

ఇదే అందరూ తప్పు చేసే చోటు. నేను చేసిన మూడు తప్పులూ ముందే చెప్పేస్తాను: మిట్టమధ్యాహ్నం కడిగాను, బోరు నీళ్లతో కడిగాను, గిన్నెల సబ్బు కలిపాను. మర్నాటికి ఆకుల మీద దుమ్ము పోయింది కానీ గీజర్ లోపల పట్టినట్టు తెల్లటి ఉప్పు మచ్చలు పేరుకున్నాయి. సబ్బు ఆకు మీది మైనపు పొరను కూడా ఊడ్చేస్తుంది, అది దాని రెయిన్‌కోటు.

సరైన పద్ధతి ఇదీ. పొద్దున ఆరు, ఏడు మధ్య. వాన లేని నెలల్లో పది పదిహేను రోజులకోసారి చాలు. చేతి స్ప్రేయర్‌తో ముందు ఆకు అడుగున, కింది నుంచి పైకి కొట్టండి, చాలా చెట్లకు గాలి రంధ్రాలు అడుగునే ఎక్కువ. తర్వాత పైన. కార్లు కడిగే ప్రెషర్ పైపు వాడకండి, లేత ఆకు చిరిగిపోతుంది. కడిగిన బురద పాదులోకి కారకుండా వీలైతే పాత గోనెసంచి పరిచి తర్వాత దులిపేయండి, ముఖ్యంగా సిమెంటు దుమ్మయితే.

నీళ్ల సంగతి. 2024 మార్చిలో బెంగళూరు జల మండలి తాగునీటితో తోటలు తడిపితే ఐదు వేల జరిమానా అన్నప్పుడు మా కాలనీలో అందరూ మొక్కలకు దండం పెట్టేశారు. అప్పుడు దొరికిన ఉపాయం ఏసీ నీళ్లు. ఏసీ గొట్టం నుంచి కారేది గాలిలోని తేమ చల్లబడి అయిన నీరే కాబట్టి అందులో ఉప్పులు దాదాపు ఉండవు, ఆకు కడగడానికి అంతకన్నా మంచివి వాన నీళ్లొక్కటే. అపార్ట్‌మెంట్ ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నుంచి వచ్చే శుద్ధి చేసిన నీళ్లు పాదుకు పోయండి, ఆకు మీద చల్లకండి. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు రెండింటికీ వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

పాదుకు మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పదిహేను ఇరవై లీటర్లు, నెమ్మదిగా. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. బాగా తడి ఉన్న మొక్క రంధ్రాలు తెరిచి ఉంచుతుంది కాబట్టి ఓజోన్ కూడా ఎక్కువే పీలుస్తుందన్నది నిజమే. అలాగని నీళ్లు ఆపి కాపాడదామనుకోకండి, ఓజోన్ చుక్కలతో మొక్క బతుకుతుంది, దాహంతో బతకదు.

పక్కన కట్టడం మొదలైతే

మూడో ఏడు మా పక్క సైటులో కట్టడం మొదలైంది. ఒక రాత్రి ఎవరో కాంక్రీటు లారీ కడిగిన నీళ్లు మా మొక్క పాదులోకి వదిలేశారు. వారానికి పాదు మీద పెంకు కట్టింది. నెలకల్లా చిగురు ఆకులు నిమ్మపండు రంగుకు వచ్చాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతలు గీసినట్టు. సిమెంటు సున్నం లాంటిదే, మట్టి క్షారగుణం పెరిగితే అందులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు.

ఇలా జరిగితే పెంకునూ దాని కింద రెండంగుళాల మట్టినీ చెక్కి తీసేయండి, కొత్త మట్టి, ఎరువు పోయండి. ఆకులకు మన రైతులు వేరుశనగకు కొట్టేదే కొట్టండి: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), సాయంత్రం పూట, వారం తేడాతో రెండు మూడుసార్లు. కొత్తగా వచ్చే ఆకు పచ్చగా వస్తే పని జరిగినట్టే, పసుపెక్కిన పాత ఆకు పూర్తిగా తేరుకోకపోవచ్చు. యూరియా మాత్రం వేయకండి. మొక్క నీరసంగా ఉందని యూరియా వేస్తే లేత, మెత్తటి ఆకు ఒక్కసారిగా వస్తుంది, పొగకు ముందు మాడేది అదే. ఏడాదికి రెండుసార్లు రెండు మూడు కిలోల వర్మీకంపోస్ట్ సరిపోతుంది.

మురికిగా ఉన్నాయని కింది ఆకులు, కింది కొమ్మలు కోసేయడం కూడా వద్దు. మసి పట్టిన ఆకు కూడా ఎంతో కొంత వండుతూనే ఉంటుంది. కాస్త పెద్దయ్యాక కొమ్మలు తీయించాలంటే కార్పొరేషన్ అటవీ విభాగాన్ని అడగండి, కర్ణాటకలో 1976 నుంచి చెట్ల సంరక్షణ చట్టం ఉంది. ఆ చట్టం సంగతి "పీజీ ఫర్ జెంట్స్" బోర్డులను మొక్కకు మేకులతో కొట్టేవాళ్లకు ఎవరు చెబుతారో! కనిపించిన మేకునల్లా నేనే పట్టకారుతో పీకుతుంటాను.

కొలిచి రాసుకోండి

పొగ దెబ్బ చాలాసార్లు ఆకు చూస్తే కంటికి తెలియదు, ఎదుగుదలలో తెలుస్తుంది. అదే రోజు, అదే నర్సరీ నుంచి తెచ్చిన ఇంకో మొక్కను కాంపౌండ్ లోపల, రోడ్డుకు దూరంగా నాటుకోండి. రెండింటికీ నేల నుంచి ఒకే ఎత్తులో పెయింట్ చుక్క పెట్టి, ప్రతి నెల ఒకటో తారీఖున అక్కడ దర్జీ టేపుతో చుట్టుకొలత తీయండి. ఒక కొమ్మకు రిబ్బను కట్టి దాని పొడవు, ఆకుల లెక్క రాయండి. రోడ్డు మొక్క కొంచెం వెనకబడటం మామూలే. కడుగుతూ, నీళ్లు పోస్తూ ఉన్నా తేడా నెలనెలా పెరుగుతుంటే గడ్డపారతో పాదు అంచు తవ్వి వేళ్లు చూడండి, అక్కడ ఏదో అడ్డు ఉంటుంది.

పూత వచ్చే చెట్టయితే తేనెటీగలు వస్తున్నాయా అన్నది కూడా ఒక వరస రాయండి. బెంగళూరులోనే పెద్ద తేనెటీగల మీద పరిశోధన చేసి 2020లో ప్రచురించారు. కాలుష్యం ఎక్కువున్న చోట్ల పట్టిన వాటిలో 80 శాతానికి పైగా ఒక్క రోజులోనే చనిపోయాయి. అది చదివినప్పటి నుంచి మా కానుగ పూసినప్పుడు కాసేపు కింద నిలబడి చెవి పెట్టి వింటాను.

మూడో వానాకాలం దాటాక, మొక్కకు ఆసరాగా కట్టిన ఊతకర్ర విప్పి, కాండాన్ని మెల్లగా ఊపి చూడండి. మొదలు దగ్గర మట్టి కదలకపోతే కర్ర తీసేయొచ్చు. కదిలితే జనుము తాడు కొంచెం వదులుగా మళ్లీ కట్టి, ఇంకో ఏడాది ఉంచండి. మిగిలిన మా ఒక్క కానుగకు నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు దాని కొమ్మలు బస్సు అద్దాలకు పైనున్నాయి, స్ప్రేయర్ అందదు. డిసెంబర్‌లో కింది కొమ్మలొక్కటే కడుగుతున్నాను.